కుందేటి కొమ్ముతో గుండెకు మరమ్మతు

గుండెపోటు వచ్చినవారికి మూలకణాలతో గుండెను బాగుచేస్తామనే ప్రకటనలను క్రిందటి టపాలో నేను ఒక్క వాక్యంతో తోసిపుచ్చానని ఒక మిత్రులు నొచ్చుకున్నారు. "మాస్టారూ, వ్యాకరణం మీ సొత్తు గాని వైద్యం కాదు గదా! అయినా ఆశ పెట్టడంలో తప్పేమున్నది? పనిచేస్తే మేలు, చేయకపోతే నష్టం లేదు" అని వారి వ్యాఖ్య. మొదటి మాట శిరసావహిస్తాను. నేను వైద్యుణ్ణి కాను, పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెండవ మాటకు మాత్రం ఒక వాక్యం చాలదు, ఒక టపా కావాలి. ఎందుకంటే ఈ "నష్టం లేదు" అనే రెండు మాటల మీదనే ఇరవై ఏళ్ళకు పైగా ఒక పెద్ద వ్యాపారం, అంతకంటె పెద్ద అబద్ధం నిలబడినాయి.

ముందు అసలు సంగతి. గుండె కండరానికి రక్తం అందించే ధమనిలో గడ్డ అడ్డుపడితే, కాలువ కట్టేసిన ఆయకట్టులాగా, దాని కింది కండరం కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. పెద్ద పోటులో అలా పోయే కణాలు వంద కోట్ల వరకు ఉంటాయని వైద్యుల అంచనా. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే కట్టుకుంటుంది, కాలేయంలో కొంత కోసివేస్తే మిగిలినది పెరుగుతుంది. గుండెకు ఆ వరం లేదు. చచ్చిన కండరం ఉన్నచోట మచ్చ కడుతుంది. ఆ మచ్చ గోడను చిరగకుండా పట్టి ఉంచుతుంది గాని తాను ముడుచుకోదు, రక్తాన్ని నెట్టదు. మిగిలిన కండరమే ఆ బరువు కూడా మోసి మోసి సాగిపోతుంది. క్రమంగా మనిషికి ఆయాసం, కాళ్ళవాపు మొదలవుతాయి.

సృష్టిలో ఈ వరం ఎవరికీ లేదని కాదు. జీబ్రా చేప అనే చిన్న చేప తన గుండెలో అయిదోవంతు కత్తిరించినా రెండు నెలల్లో తిరిగి పెంచుకుంటుందని 2002లో చూపించారు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లకు కూడా ఆ శక్తి ఉన్నదని, వారం తిరిగేసరికి అది పోతుందని 2011లో తేలింది. మరి మనిషి మాట ఏమిటి? దీనికి సమాధానం రాబట్టిన తీరు నాకు మహా ఇష్టం. 1950లలో, 60లలో అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు గాలిలో కార్బన్-14 పెరిగింది. 1963 నాటి ఒప్పందం తరువాత అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏడు పుట్టిన కణానికి ఆ ఏటి గాలి ముద్ర దాని డీఎన్‌ఏలో పడి ఉంటుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోనాస్ ఫ్రిసెన్ బృందం 2009లో ఆ ముద్రను చదివింది. ఇరవై అయిదేళ్ళ వయసులో గుండె కండర కణాలు ఏడాదికి నూటికి ఒకటి చొప్పున, డెబ్బై అయిదేళ్ళకు అందులో సగానికంటె తక్కువగా కొత్తవి అవుతాయని చెప్పింది. జీవితకాలమంతా కలిపినా సగం కణాలైనా మారవు. అంటే గుండె బొత్తిగా గొడ్డుపోయినది కాదు. కాని ఒక్క పూటలో వంద కోట్లు పోగొట్టుకున్న ఇంటికి ఆ రాబడి ఏ మూలకు వస్తుంది?

ఇక కథలోకి వస్తాను. 2001లో న్యూయార్క్ మెడికల్ కాలేజీకి చెందిన పియెరో అన్వెర్సా, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ఒక పత్రం ప్రకటించారు. ఎలుక గుండెకు పోటు కలిగించి, మూలుగలోని మూలకణాలను గుండెలోకి ఎక్కిస్తే, తొమ్మిది రోజుల్లో చచ్చిన భాగంలో 68 శాతాన్ని కొత్త కండరం ఆక్రమించిందని దాని సారం. (మూలుగ, మూలకణం, మూలుగు, ఈ మూడూ ఒకచోట చేరడం తెలుగు చేసిన చమత్కారం. వాటికి వ్యుత్పత్తి సంబంధం కట్టే సాహసం నేను చేయను.) తొమ్మిది రోజులు! పురాణాల్లో రక్తబీజుడికి తప్ప ఇంత వేగం ఎవరికీ లేదు. 2004లో అదే 'నేచర్'లో రెండు వేర్వేరు బృందాలు, ఒకటి సియాటిల్‌లోని చార్లెస్ మరీ మొదలైనవారిది, మరొకటి స్టాన్‌ఫర్డ్ వారిది, అదే ప్రయోగం తిరిగి చేశాయి. మూలుగ కణాలు గుండె కండరంగా మారడం లేదని రెండూ ముక్తకంఠంతో చెప్పాయి.

ఇందులో సిగ్గుపడవలసినది ఇంతవరకు ఏమీ లేదు. ఒకరు పూర్వపక్షం చేస్తారు, మరొకరు ఖండిస్తారు, ప్రయోగం తీర్పు చెబుతుంది. శాస్త్రం నడిచేది అట్లాగే. కాని ఇక్కడ తీర్పు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు. జర్మనీలో 2001లోనే మనుషుల గుండెల్లోకి మూలుగ కణాలను పంపించడం మొదలయింది. తీర్పు వచ్చిన తరువాత కూడా ఎవరూ ఆగలేదు. "కండరంగా మారకపోతే ఏం, రోగులకు మెరుగుగా ఉన్నది గదా" అన్నారు.

ఇక్కడే మా పాత తర్కశాస్త్రం అక్కరకు వస్తుంది. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలినందువల్ల పండు రాలిందనడం కాకతాళీయం. గుండెపోటు వచ్చి, మూసుకున్న ధమనిని తెరిచి స్టెంటు వేసిన తరువాత, చావకుండా మూర్ఛపోయి ఉన్న కండరం కొన్ని వారాల్లో దానంతటదే తేరుకుంటుంది. అంటే ఏ సూదీ వేయకపోయినా గుండె కొంత మెరుగుపడుతుంది. ఆ వారాల్లోనే కాకిని తెచ్చి చెట్టు మీద వదిలితే పండు రాలిన ఖ్యాతి కాకికి దక్కుతుంది. అందుకే అన్వయం ఒక్కటి చాలదు, వ్యతిరేకం కూడా కావాలన్నారు పెద్దలు. అది ఉంటే ఇది ఉన్నదని చూపడం సగం పని. అది లేకపోతే ఇది లేదని కూడా చూపాలి.

అట్లా చూపబోయిన పరిశీలనల్లో పేరుపొందినది 204 మందితో జర్మనులు చేసి 2006లో ప్రకటించినది. గుండె ఒక్కొక్క దెబ్బకు ఎడమ గదిలోని రక్తంలో నూటికి ఎన్ని పాళ్ళు బయటికి నెడుతుందో దానిని ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. నాలుగు నెలలకు మూలుగ కణాలు పొందినవారిలో అది 5.5 పాళ్ళు పెరిగింది. ఉత్త ద్రవం పొందినవారిలో 3.0 పాళ్ళు పెరిగింది. చూశారా, కాకి లేకుండా రాలిన పండ్లు మూడు! కాకి లెక్కలో వేయదగినది రెండున్నర. అదే పత్రిక అదే సంచికలో నార్వే వారు 100 మందిపై చేసిన పరిశీలనలో ఆ రెండున్నర కూడా కనబడలేదు. అంతకు ముందు 2004లో హనోవర్ నుంచి 60 మందితో వచ్చిన పరిశీలనలో ఆరు నెలలకు కనిపించిన మంచి తేడా, పద్దెనిమిది నెలలకు చూస్తే నిలవలేదు. ఇంత పలుచని ఆధారం మీద ఒక పందిరి వేయవచ్చు గాని, మేడ కట్టరు. వీళ్ళు మేడ కట్టారు.

మేడకు పై అంతస్తు కూడా వేశారు. మూలుగ కణాల సంగతి బెడిసికొట్టిన తరువాత, అసలు గుండెలోనే మూలకణాలు ఉన్నాయనే వాదం ముందుకు వచ్చింది. 2003 నుంచి అన్వెర్సా బృందం ఈ "గుండె మూలకణాల"ను గురించి పత్రం మీద పత్రం వెలువరించింది. 2007లో ఆ ప్రయోగశాల హార్వర్డ్ వైద్య విద్యాలయానికి అనుబంధమైన బ్రిగమ్ ఆసుపత్రికి తరలింది. 2011లో ఆ కణాలను రోగులకు ఎక్కించి మేలు కనబడిందని 'లాన్సెట్'లో ప్రకటించారు. ఎంత సంఖ్యలో ఎక్కించాలి, ఏ దారిన పంపాలి, ఎన్ని విడతలు వేయాలి, ఇట్లాంటి వాటి మీద సభలు జరిగాయి, కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. తర్కం చదువుకున్న పిల్లవాడికి ఆశ్రయాసిద్ధం అనే హేత్వాభాసం మొదటి ఏడాదిలోనే చెబుతారు. ఆకాశంలో పూసిన తామర పరిమళిస్తుందా లేదా అని వాదించేముందు, ఆకాశంలో తామర పూసిందా అని అడగాలి. 2014లో సిన్సినాటిలోని జెఫ్రీ మోల్కెంటిన్ బృందం ఆ ప్రశ్న అడిగింది. ఆ కణాల సంతానాన్ని ఎలుకల్లో గుర్తుపట్టే ఏర్పాటు చేసి చూస్తే, వాటినుంచి పుట్టిన గుండె కండర కణాలు 0.03 శాతానికి కూడా చేరలేదు. కుందేటికి కొమ్ము లేదు. లేని ఆ కొమ్ముతోనే అన్నేళ్ళుగా విల్లు చేస్తున్నారు.

ఆ మీద జరిగినది పత్రికలకెక్కింది. 2014లో ఆ బృందం 2012 నాటి పత్రం ఒకటి ఉపసంహరణకు గురయింది. 2017లో, కల్పిత సమాచారంతో ప్రభుత్వ నిధులు పొందారనే ఆరోపణ పరిష్కారానికి ఆ ఆసుపత్రి, దాని మాతృసంస్థ కోటి డాలర్లు చెల్లించాయి. 2018 అక్టోబరులో హార్వర్డ్, బ్రిగమ్ కలిసి ఆ ప్రయోగశాల నుంచి వెలువడిన 31 పత్రాల్లో కల్పించిన లేదా మార్చిన సమాచారం ఉన్నదని, వాటిని ఉపసంహరించాలని పత్రికలకు సిఫారసు చేశాయి. ఆ నెలాఖరుకే అమెరికా ప్రభుత్వ సంస్థ, ఈ కణాలతో నడుస్తున్న ఒక పెద్ద మానవ పరిశీలనను తాత్కాలికంగా ఆపివేసింది. 2019లో 'లాన్సెట్' పత్రం కూడా పోయింది. తప్పు తనది కాదనే అన్వెర్సా వాదిస్తూ వచ్చారు. ఆ పాపపుణ్యాల లెక్క నాకు అక్కరలేదు. నా లెక్క వేరే. 2004లో ఖండన వచ్చింది, 2018లో కళ్ళు తెరిచారు. మధ్యలో పద్నాలుగేళ్ళు ఎవరి గుండెల మీద గడిచాయి?

అబద్ధాన్ని ఒక్కడి నెత్తిన రుద్ది మిగిలినవారు చేతులు కడుక్కోవడం కూడా నాకు సమ్మతం కాదు. లండన్‌లో డారెల్ ఫ్రాన్సిస్ అనే వైద్యుడు, ఆయన శిష్యులు ఒక గుమాస్తా పని చేశారు. మూలుగ కణాలతో గుండె వైద్యం చేసిన 49 పరిశీలనలకు సంబంధించిన 133 నివేదికలను దగ్గర పెట్టుకొని, వాటిలో ఒకదానికొకటి పొసగని మాటలు, కూడితే కలవని అంకెలు ఏరారు. 604 దొరికాయి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన ఆ పట్టిక పక్కన పెద్ద వ్యాఖ్యానాలేవీ అక్కరలేదు. ఒక్క తప్పూ లేని పరిశీలనల్లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ లాభం సగటున సున్నాకు కాస్త దిగువనే, మైనస్ 0.4. పది లోపు తప్పులు ఉన్నవాటిలో 2.1. ముప్ఫైకి పైగా తప్పులు ఉన్నవాటిలో 7.7. నా ఉద్యోగ జీవితంలో వేల జవాబు పత్రాలు దిద్దాను. కొట్టివేతలు ఎక్కువైనకొద్దీ మార్కులు పెరిగే పరీక్షను నేను ఎరుగను.

ఇప్పుడు మిత్రుల "నష్టం లేదు" మాటకు వస్తాను. ఫ్రాన్సులో 2000లో తొడ కండరం నుంచి తీసిన కణాలను గుండెలో నాటడం మొదలుపెట్టారు. తొడ కండర కణాలకు పక్కవానితో విద్యుత్ సంబంధం పెట్టుకొనే గుణం లేదు. గుండె అంతా ఒక తాళానికి కొట్టుకుంటుంటే మధ్యలో వీటి గుంపు వేరే దరువు వేస్తుంది. 97 మందిపై చేసిన పరిశీలన 2008లో వెలువడినప్పుడు గుండె పనితనంలో లాభం కనబడలేదు, గుండె లయ తప్పే ప్రమాదం మాత్రం కణాలు పొందినవారిలో ఎక్కువగా కనబడింది. లయ తప్పడమంటే గుండె రోగికి ప్రాణంమీదికి రావడమే. ఇది నష్టం కాకపోతే నష్టమంటే ఏమిటో ఆ మిత్రులు చెప్పాలి.

రెండవ నష్టం కంటికి కనబడనిది. ప్రకటన ముందు నడిచి పరిశీలన వెనక నడిస్తే, నిజం తేల్చడానికి మనుషులే దొరకరు. మూలుగ కణాల వల్ల మరణాలు తగ్గుతాయా అని ఒక్కసారి గట్టిగా తేల్చుకోవాలని ఐరోపాలో 3000 మందితో ఒక పరిశీలన తలపెట్టారు. చేరినది 375 మంది. 2020లో అది ఏమీ తేల్చకుండానే ముగిసింది. జపానులో తొడ కండర కణాల పొర ఒకదానికి ఏడుగురు రోగుల ఫలితాలు చూసి 2015లో షరతులతో అనుమతి ఇచ్చారు. మేలు చేస్తుందని తరువాత రుజువు చేయాలని షరతు. 2024లో నిపుణుల సంఘం అది అనుమతికి తగదని తేల్చింది. తొమ్మిదేళ్ళు! రుజువు తరువాత తెస్తానని ముందే వెల పుచ్చుకొనే పద్ధతిని మన సంతల్లో ఏమంటారో చెప్పనక్కరలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను నవ్వించినది, ఏడిపించినది కూడా ఒకటి ఉన్నది. ఆ సిన్సినాటి బృందమే 2019లో మరొక ప్రయోగం వెల్లడించింది. పోటు తగిలిన ఎలుక గుండెల్లోకి బతికి ఉన్న కణాలు ఎక్కించారు, కొంత మెరుగు కనబడింది. గడ్డకట్టించి చంపిన కణాలు ఎక్కించారు, అంతే మెరుగు. కణాలే లేకుండా శరీర రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టే ఒక రసాయనం ఎక్కించారు, అంతే మెరుగు! సూది గుచ్చినచోటికి రక్షక కణాలు పరుగెత్తుకొచ్చి మచ్చను కాస్త సరిచేస్తున్నాయన్నమాట. ఎలుకల్లో కనబడిన ఆ స్వల్ప ఫలితం కూడా మూలకణాల మహిమ కాదు. శవం వేసినా వచ్చే ఫలితానికి సంజీవని అని పేరు పెట్టి అమ్మినారు.

ఇంత వ్రాశానని ఈ దారినే మూసివేయమనడం లేదు. 2006లో జపానులో షిన్యా యమనాకా మామూలు శరీర కణాన్ని పిండకణం వంటి స్థితికి మళ్ళించే ఉపాయం కనిపెట్టారు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అట్లాంటి కణాలనుంచి ప్రయోగశాలలో నిజమైన, కొట్టుకొనే గుండె కండరాన్ని పెంచుతున్నారు. ఇది ఆకాశ కమలం కాదు, కంటికి కనబడే పదార్థం. జపానులోని ఒసాకాలో 2020 జనవరిలో అటువంటి పొరను మొదటి రోగి గుండెకు అతికించారు. జర్మనీలోని గోటింగెన్ వారు కోతుల గుండెలకు అటువంటి కండరపు మాసికలు వేసి, ఆ తరువాత నలభై ఆరేళ్ళ ఒక స్త్రీకి వేసిన సంగతి 2025 జనవరిలో ప్రకటించారు. మూడు నెలలకు ఆమెకు గుండె మార్పిడి జరిగింది గనుక తీసివేసిన పాత గుండెను కోసి చూడగలిగారు. మాసిక బతికే ఉన్నది. నేను వీరిని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే వీరు కండరం మొలిచిందని చెప్పలేదు, చూపించారు. అంతేకాదు, సియాటిల్ వారు 2014లో కోతుల గుండెల్లో కొత్త కండరం నాటి విజయం సాధించినప్పుడు, ఆ కోతుల గుండెలు లయ తప్పిన సంగతి కూడా అదే పత్రంలో వ్రాసుకున్నారు. రోగ నిరోధకతను అణిచే మందులు వాడవలసి రావడం మరొక చిక్కు. ఇది ఇంకా పరిశోధన. అంగట్లో సరుకు కాదు.

అంగట్లో సరుకుగా మారినప్పుడు ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. నాతో పాటు లెక్కలు చెప్పిన ఒక సహోద్యోగి మా వీధిలోనే ఉంటారు. మూడేళ్ళ క్రితం పెద్ద పోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి రాత్రి గడిచిపోయింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ ముప్ఫై దగ్గర నిలిచింది. వాళ్ళ అబ్బాయికి ఎవరో ఒక కరపత్రం పంపారు. నిగనిగలాడే కాగితం, చక్కని తెలుగు. భాషాపండితుణ్ణి గనుక నాకు చూపించారు. "మీ సొంత కణాలే, మీ గుండెకు పునర్జన్మ" అని తలకట్టు. లోపల క్రియాపదాలన్నీ "తోడ్పడవచ్చు", "దోహదం చేయగలవు", "నిపుణులు భావిస్తున్నారు". ఒక్క చోట కూడా "చేస్తుంది" లేదు. వెల దగ్గర మాత్రం "వచ్చు"లు లేవు, అంకె స్పష్టంగా ఉన్నది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మూలకణాల వైద్యం ఏదైనా అనుమతి పొందిన పరిశీలనగానే జరగాలి, వ్యాపారంగా అమ్మరాదు. ఆ మాట నేను చెప్పేసరికి బయానా ఇచ్చేశారు. ఎకరం పొలం పోయింది.

సూది వేయించుకొని వచ్చాక, గుండె మళ్ళీ మొలుస్తున్నదనే ధీమాతో ఆయన నీరు తీసే మాత్రలు, బీటా బ్లాకరు మానేశారు. నెల తిరక్కుండానే కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక ప్రభుత్వాసుపత్రిలో చేరారు. పాత మాత్రలే మళ్ళీ నిలబెట్టాయి. ఆ మాత్రల్లో బీటా బ్లాకరుకు ఆయుష్షు పెంచే గుణం ఉన్నదని వేలమందిపై రుజువయింది. కాని వాటికి నిగనిగలాడే కరపత్రం లేదు. పోటు వచ్చిన తొలి గంటల్లో గడ్డ కరిగించే సూదిమందుకూ లేదు. పోయే కండరాన్ని మిగిల్చేది అదే, స్టెంటూ.

2001 నాటి అద్భుతం తెలుగు పత్రికల్లో చదివిన గుర్తు నాకు ఉన్నది. 2004 నాటి ఖండన, 2018 నాటి ఉపసంహరణ తెలుగులో నా కంటబడలేదు. గోల తెలుగులోకి వచ్చింది, తీర్పు ఇంగ్లీషులోనే ఉండిపోయింది. ఆ సందులోనే ఆ కరపత్రం దూరింది. అనువాదాలు చేసే బ్లాగ్మిత్రులు చాలామంది ఉన్నారు గనుక ఈ మాట.

మా లెక్కల మాస్టారు ఇప్పటికీ నాతో వాదిస్తారు. "పూర్తిగా దండుగ కాదండీ, అప్పుడు రెండు వారాలు తేలికగా ఉన్నది" అంటారు. ఆయనకు అన్వయ వ్యతిరేకాలు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నిన్న సాయంత్రం రెండవ విడతకు రమ్మని, రాయితీ ఇస్తామని ఫోను వచ్చిందట. మిగిలిన ఎకరం పాసుపుస్తకం ఎక్కడ పెట్టారని వాళ్ళ ఆవిడను అడిగారని ఆమే వచ్చి చెప్పింది. రేపు ఉదయం ఫ్రాన్సిస్ పట్టికను తెలుగులో వ్రాసుకొని వాళ్ళ ఇంటికి వెళ్తున్నాను. లెక్కల మాస్టారు గదా, అంకెలైనా చూస్తారు.